మూడో పిలుపు

సంచి అడుగున గ్లాసులు పెట్టాను. చర్చిలో ప్రభువు బల్ల నాడు ద్రాక్షరసం పోసే చిన్న గ్లాసులు, బొటనవేలంత ఉంటాయి, నలభై ఎనిమిది, ఒక్కొక్కదాన్నీ పాత చీర ముక్కలో చుట్టాను. వాటి మీద బల్లకు పరిచే తెల్లగుడ్డ, గుడ్డ మీద రొట్టె పళ్లెం, పళ్లెం మీద మస్టరు పుస్తకం. కాదు, పుస్తకం ఇప్పుడే పెట్టకూడదు, ఇంకో గంటలో అది నా చేతిలో ఉండాలి. తీశాను. కళ్లద్దాల పెట్టె పెట్టాను, అదీ తీశాను, అద్దాలు లేకుండా పేర్లు ఎలా చదువుతాను. ఈరోజు ఆరాధన అయిపోగానే మా చర్చి సామాను మొత్తం సంపత్ ట్రాలీ ఆటోలో ఎక్కి గోదావరిఖని చౌరస్తాలో చెప్పుల దుకాణం పైన అద్దెకు తీసుకున్న హాలుకు పోతుంది. బెంచీలు, మైకు, గంట వాళ్లు మోస్తారు, ఈ సంచి మాత్రం నేనే మోస్తానన్నాను. డెబ్బై రెండేళ్లు వచ్చినయ్ నీకెందుకే అమ్మమ్మా అంది మా చర్చి పిల్ల శాలిని. గ్లాసులు పగులుతాయని అబద్ధం చెప్పాను. అవి స్టీలువి. నిజం ఏమిటంటే సంచి సర్దడమంటే నాకు భయం, ఆ భయాన్ని ఇంకొకరి చేతికి ఇవ్వడం ఇంకా భయం. నా బాప్తిస్మం తర్వాత మా అమ్మ ఒక్కసారి చూడవచ్చింది, రెండో రోజు ఆమె సంచిలో నేనే జొన్నరొట్టెలు పెట్టి పంపాను, ఆమె మళ్లీ నా గడప తొక్కలేదు. మా ఆయన సామ్యేలు ఊపిరాడక కరీంనగర్ దవాఖానకు పోయినప్పుడు లుంగీలు, తువ్వాలు సర్ది పంపాను, ఆ సంచి ఒక్కటే ఇంటికి వచ్చింది. ఇంకో సంచి ఉంది. దాని గురించి ఇప్పుడు వద్దు, ముందు గ్యాసు కట్టేశానో లేదో చూడాలి. కట్టేశాను. రెండోసారి చూశాను. కట్టే ఉంది.

మస్టరు పుస్తకాన్ని చంకలో పెట్టుకుని సంచి భుజానికి తగిలించుకున్నాను. పుస్తకం అట్ట బొగ్గు రంగులో ఉంటుంది, నలభై ఏళ్లు నా ఇంట్లోనే ఉంది. మా పద్ధతి బయటివాళ్లకు వింతగా తోస్తుంది. ఈ చర్చి కట్టింది బొగ్గు నింపే మనుషులు, షిఫ్టు దిగి వచ్చి ఒంటి మీది మసితోనే ఇటుకలు మోశారు. వాళ్లకు తెలిసిన పద్ధతి గని పద్ధతి ఒక్కటే. గనిలోకి దిగేముందు మస్టరు, అంటే హాజరు, పడాలి, పైకి వచ్చాక ల్యాంపు రూములో దీపం తిరిగి ఇవ్వాలి. దీపం రాకపోతే ఆ మనిషి పేరు మూడుసార్లు పిలుస్తారు, మూడోసారికీ పలకకపోతే వెతకడానికి మనుషులు దిగుతారు. ల్యాంపు రూములో ఆ పేర్లు పిలిచేవాడు ఎల్లేశం, సామ్యేలుకు వరసకు అన్న, మా సంఘ పెద్ద, ఆయనే ఈ పద్ధతిని చర్చిలోకి తెచ్చాడు. ఆదివారం మొదటి పాటకు ముందు పేర్లు పిలవాలి, వచ్చినవాళ్లు ఉన్న అని పలకాలి, రానివాళ్ల బదులు ఇంటివాళ్లు పలకాలి, ఎవరు పలికారో వాళ్ల పేరు పక్క గడిలో రాయాలి. ఆదివారపు డ్యూటీని మా దగ్గర ప్లే డే అంటారు, ఆడుకునే రోజు అని అర్థమట, ప్లే డే నాడు సగం పేర్లకు ఆడవాళ్లే పలికేవారు, డ్యూటీ, డ్యూటీ, డ్యూటీ అని, అదొక పాటలా ఉండేది. గనికీ మాకూ ఒకటే తేడా. గనిలో మూడుసార్లు పిలిచేది వెతకడానికి. మా చర్చిలో మూడుసార్లు పిలిచేది కొట్టివేయడానికి. నియమం తప్పినవాళ్ల పేరు చివరిసారిగా మూడుసార్లు పిలుస్తారు, ఎవరూ పలకకూడదు, తర్వాత గీత గీస్తారు. ఈ తేడా నాకు ఎప్పుడు తెలిసిందని అడిగితే, గీసేటప్పుడు తెలియలేదు, గీసిన చాలా ఏళ్లకు, సామ్యేలు పోయాక, ఒక మధ్యాహ్నం బియ్యం ఏరుతూ ఉంటే తెలిసింది.

దారిలో క్వార్టర్లు సగం తలుపులు లేకుండా ఉన్నాయి, లోపల తుమ్మ మొలిచింది. మా గని మూతబడి తొమ్మిదేళ్లు. ఉద్యోగం అయిపోయినవాళ్లు మంచిర్యాల పోయారు, పెద్దపల్లి పోయారు, కొందరు సెంటినరీ కాలనీలో పిల్లల దగ్గరున్నారు. దూరాన ఓపెన్‌కాస్టు గని తవ్వి పోసిన మట్టి గుట్టలు. నేను కాపురానికి వచ్చినప్పుడు అక్కడ జొన్న చేలు, ఇప్పటి పిల్లలు అవి ఎప్పటినుంచో ఉన్న గుట్టలే అనుకుంటారు, వాటి మీద చెట్లు కూడా నాటారు. గని కూడా మారింది. మనిషి దిగేది పోయి యంత్రం దిగింది, వంద మంది పని ఒక్క యంత్రం చేస్తుంది, మారడం అంటే ఎప్పుడూ కొంత మంది పేర్లు పోవడమేనా. చర్చి మారాలని శాలిని అంటుంది. శాలిని మా పాస్టరు. పాస్టరు భార్య కాదు, పాస్టరే, ముప్పై ఒక్క ఏళ్ల పిల్ల, మా కాలనీ క్లర్కు బిడ్డే. ఆమె వచ్చిన మొదటి ఆదివారం ఎల్లేశం అందరి ముందూ అడిగాడు, నిన్ను అయ్యగారు అనాల్నా అమ్మగారు అనాల్నా బిడ్డా అని. ఆమె నవ్వి, శాలిని అను కాకా, పిలిస్తే పలుకుత, అంది. ఆ మాట నా గుండెలో ఎక్కడ తగిలిందో ఆ పిల్లకు తెలియదు. పిలిస్తే పలకడం. దాని గురించి ఇప్పుడు వద్దనుకున్నాను కదా.

బడికి నేను పోలేదు. పుట్టినప్పుడు నా పేరు సారలమ్మ, మా ఊరు గోదావరి ఒడ్డున, పెళ్లయిన వారానికి నీళ్లలో ముంచి లేపి సారమ్మ అని రాశారు, నేను ఏమీ అనలేదు, చిన్న పేరైతే పిలవడం సులువనుకున్నాను, మా అమ్మకు మాత్రం సులువు కాలేదు. అక్షరాలు నా కొడుకు జాన్ ప్రసాద్ పలక మీద నేర్చుకున్నాను. వాడు ఒకటో తరగతి, నేను పొయ్యి ముందు, వాడు దిద్దిందే నేను బొగ్గుముక్కతో గోడ మీద దిద్దేదాన్ని. ఒత్తులు మిర్చి బజ్జీల కాగితాల మీద, పాటల పుస్తకంలో, గని గేటు బోర్డు మీద కూడబలుక్కుని పట్టుకున్నాను. నాకు వచ్చిన మొదటి ఒత్తు ప్ర. ప్రసాద్. అది రాసిన రోజు వాడు ఆ పలక పట్టుకుని వరసలో ప్రతి క్వార్టరు తలుపూ కొట్టాడు, మా అవ్వకు నా పేరు రాయొస్తది, చూడుండ్రి అని. తర్వాత ఏది దొరికితే అది చదివాను, పొట్లాలు, గోడ రాతలు, మందుల సీసాలు, వాక్యపు పుస్తకం, అదే బైబిలు, మొదటి నుంచి చివరికి నాలుగుసార్లు. మస్టరు చదివే ముసలాయనకు చూపు ఆనకపోతే నన్ను నిలబెట్టారు. బొగ్గు నింపే ఫిల్లరు భార్య, బడి ముఖం చూడనిది, అందరి పేర్లూ ఆమె నోట రావాలి. ఆ గర్వం నాకు ఉండేది, లేదని అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆదివారం పొద్దున్నే గొంతు సవరించుకోవడానికి మిరియాలు నమిలేదాన్ని.

రెండు నెలల కింద శాలిని ఈ పుస్తకం అడిగి తీసుకుని, గీతలు పడ్డ పేర్లన్నీ వేరే కాగితం మీద రాయించింది. నలభై ఒక్క పేర్లు. తాగినవాళ్లు, రెండో పెళ్లి చేసుకున్నవాళ్లు, సినిమాలు చూపించే దుకాణం పెట్టుకున్న ఒకాయన, బిడ్డకు జ్వరం తగ్గక మేడారం జాతరకు మొక్కుకుని పోయిన అనసూర్య, వేరే మతంలో పెళ్లి చేసుకున్నవాళ్లు. శాలిని కమిటీలో చెప్పింది, పాత చర్చిలో చివరి ఆదివారం నాడు వీళ్లందరినీ పిలుద్దాం, పేర్లు మళ్లీ ఎక్కిద్దాం, రాలేని దూరంలో ఉన్నవాళ్లకు ఫోనులో లైవు పెడదాం, వాళ్లు అక్కడి నుంచే ఉన్నానని రాస్తారు. ఎల్లేశం కర్రతో నేలను పొడుస్తూ విన్నాడు.

"ఫోన్ల ఉన్నోడు ఉన్నట్లెట్లయితడే? ఫోన్ల రొట్టె తింటడా?"

"ఫోన్ల ఉన్నోళ్లు గూడ ఉన్నోళ్లే కాకా. తలుపు జర పెద్దగ చెయ్యాలె మనం."

"తలుపు పెద్దగ చేస్తె కుక్కలొస్తయ్."

"కుక్కలొచ్చినా కూసునుటానికి జాగ మస్తున్నది. బెంచీలు సగం ఖాలీ."

అందరూ నవ్వారు, ఎల్లేశం కూడా పళ్లు లేని నోటితో నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ రాత్రంతా కాదు, ఆ నెలంతా ఒకటే ఆలోచన. బెంచీలు నిండి ఉంటే పిలిచేవాళ్లమా. గని నడుస్తూ, క్వార్టర్లు నిండి, ప్లే డే నాడు డ్యూటీ డ్యూటీ అని పాటలా పలికే ఆడవాళ్లు ఇంకా ఉంటే, ఈ నలభై ఒక్కరు మాకు గుర్తొచ్చేవారా. ప్రేమ పుట్టి తలుపు తెరిచామా, లోపల చలిగా ఉండి తెరిచామా. శాలినిని అడగాలనుకుని అడగలేదు, ఆ పిల్ల ప్రేమతోనే చేస్తోంది, ఆ సంగతి ముఖం చూస్తే తెలుస్తుంది. మిగతావాళ్ల సంగతి నాకు తెలియదు. నా సంగతి తెలుసు. నాకు నలభై ఒక్కరు వద్దు. నాకు ముప్పై మూడో పేరు కావాలి.

సంపత్ తన బావ నంబరు ఇచ్చాడు. సంపత్ యమున తమ్ముడు, యమున నా కోడలు, ఆ మాట ఇరవై ఏడేళ్లలో నేను పైకి అన్నది తక్కువ. నంబరిస్త గని అత్తా, మాట్లాడతడని నాకు చెప్పకు, మాతోని గూడ పండుగకొక్కపాలి మాట్లాడతడు, అన్నాడు. వాళ్లు చంద్రపూర్ దాటి ఏదో ఊళ్లో ఉన్నారని మాత్రం తెలుసు, అక్కడా బొగ్గే. శాలిని ఫోనులో రాసింది, ఆదివారం మీ పేరు పిలుస్తాము, రండి, రాలేకపోతే ఫోనులో పలకండి అని, కింద నా పేరు కూడా పెట్టింది. కాసేపటికి రెండు చిన్న గీతలు నీలం రంగుకు తిరిగాయి. చూసిండు అమ్మమ్మా, అంది. అంటే నా కొడుకు బతికి ఉన్నాడు, చదివాడు. ఇది పదహారు రోజుల కింద. జవాబు లేదు. రోజూ పొద్దున శాలిని ఇంటికి పోయి ఆ నీలం గీతలు చూసి వస్తున్నాను, నాకు గీత అంటే ఒకటే తెలుసు, ఇవి వేరే గీతలు, ఇవి మంచివి అని నాకు నేను చెప్పుకుంటున్నాను.

చర్చి తలుపు తెరిచే ఉంది. లోపల ఇరవై రెండు మంది, నేను గుమ్మంలోనే లెక్కపెట్టాను. ముందు మూడుకాళ్ల స్టాండు మీద ఫోను, దాని వెనక శాలిని తెల్ల చీరలో. వెనక గోడ దగ్గర ఒక ముసలామె నేల మీద కూర్చుని ఉంది. అనసూర్య. జాతరకు పోయినందుకు ఆరు నెలలు వెనక చాప మీద కూర్చోబెట్టి, అప్పటికీ తప్పు ఒప్పుకోలేదని కొట్టివేసిన మనిషి. ఆ బిడ్డ బతకలేదు. నాకంటే రెండేళ్లు పెద్ద, జుట్టు ముగ్గుబుట్ట. బెంచి మీద కూసోవే అన్నాను. ఇక్కడ్నే అలవాటు, అంది, చాప ఏదే, తీసేసిండ్రా. చాప ఎప్పుడో చెదలు తిన్నదని చెప్పాను. ఆమె అరచేత్తో నేల తుడిచి సర్దుకుంది. నేను గుమ్మం వైపు చూశాను. ఆ గుమ్మంలోనే, కుడి తలుపు పక్కన.

ఇరవై ఏడేళ్ల కింద యమున గురించి కమిటీ ఈ గదిలోనే కూర్చుంది. యమున సామ్యేలుతో ఒకే షిఫ్టులో పనిచేసే బిక్షం బిడ్డ, నా కొడుకూ ఆ పిల్లా పెద్దపల్లి పోయి రిజిస్టరు పెళ్లి చేసుకుని వచ్చారు. పెద్దలు కోపంగా కూడా లేరు, వాళ్లకు దారి తెలుసు, ఆ పిల్లకు బాప్తిస్మం ఇద్దాం, మార్త అని పేరు పెడదాం, వీడు ఆరు నెలలు వెనక చాప మీద కూర్చుంటే సరిపోతుంది. యమున తల మీద కొంగు వేసుకుని నిలబడి మెల్లగానే చెప్పింది.

"మీ వాక్యం చెప్పుండ్రి, వింట. ఎనుక చాప మీద ఆయినతో నేను గూడ కూసుంట. పేరు మాత్రం మా నాయిన పెట్టిండు, తియ్య."

"పేరు మారితెనే కొత్త మనిషివైతవ్ బిడ్డా," అన్నాడు ఎల్లేశం.

"మీరు ముంచేది నీళ్లలనే గద. యమున అంటే నీళ్లే. మరి మీ పేరెందుకు మార్చలే పెద్దనాయినా?"

ఎల్లేశం గొంతు సవరించుకుని, నాది సర్వీసు బుక్కుల ఎక్కింది, కంపెనీ మార్చనియ్యది, అన్నాడు. మీకు కంపెనీ, నాకు మా నాయిన, అంది యమున. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది. ఒక పెద్దమనిషి మీద నవ్వు పడితే అది ఎవరి మీదో ఒకరి మీద దిగాలి. సామ్యేలు తల వంచుకునే ఉన్నాడు. నేను సారలమ్మను, నా పేరులో ఒక అక్షరం ఇచ్చేసి ఈ బెంచి మీద చోటు తెచ్చుకున్నదాన్ని, ఆ పిల్ల వైపు చూస్తే నాకు జాలి రాలేదు, ఈర్ష్య వచ్చింది. నేను ఇచ్చింది నువ్వెందుకు ఇవ్వవు అనుకున్నాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

కొడుకు పేరు మరుసటి ఆదివారం కొట్టివేయాలన్నారు. ఆ రోజు సామ్యేలు ప్లే డేకి పేరు రాయించుకున్నాడు. ఎప్పుడూ ఆదివారం పోనివాడు. నేను మాత్రం ఇక్కడ, ఈ చోటే, పుస్తకం పట్టుకుని నిలబడ్డాను, ఇవాళ్టికి వేరెవరినన్నా చదవమను బావా అని ఎల్లేశంతో అనవచ్చు, అనలేదు. ఒకసారి పక్కకు తప్పుకుంటే ఆ చోటు మళ్లీ ఇవ్వరేమో అనుకున్నాను. అదీ నిజం. సామ్యేలు అని నేనే పిలిచి, డ్యూటీ అని నేనే పలికి, సారమ్మ అని నేనే పక్కన రాసుకున్నాను. అన్ని పేర్లూ అయ్యాక జాన్ ప్రసాద్ అన్నాను. అందరూ మౌనంగా ఉండాలి, ఉన్నారు. గుమ్మంలో కుడి తలుపు పక్కన నిలబడ్డాడు వాడు, వెనక యమున. ఉన్న, అన్నాడు. నియమం ప్రకారం వినిపించనట్టు ఉండాలి. రెండోసారి పిలిచాను. ఉన్న, అన్నాడు, మొదటిసారికంటే నెమ్మదిగా. మూడోసారి నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఉన్ననే అవ్వా," అన్నాడు. ఎల్లేశం స్కేలు అందించాడు, గీత వంకర పోకూడదని. వంకర పోలేదు. ఆ గీత ఇప్పటికీ చూస్తే దారం కట్టి గీసినట్టు ఉంటుంది, ప్ర కింద ఒత్తు మీదుగా పోయింది.

సంచి నేనే సర్దాను. మధ్యాహ్నం బండికి పోతానంటే ఏం చెయ్యను. రెండు చొక్కాలు, ఫిట్టరు పని సర్టిఫికెట్లు, మామిడి తొక్కు ఒక సీసాలో, సీసా చుట్టూ సామ్యేలు పాత బనీను. అడుగున వాక్యపు పుస్తకం పెట్టాను. వాడు చూస్తూ ఉన్నాడు. రామగుండం స్టేషనులో యమున వేరే పెట్టెలో ఆడవాళ్లతో కూర్చుంది, వాడు కిటికీ దగ్గర. మళ్ల ఎప్పుడొస్తవ్ రా అన్నాను. బండి కదిలింది. "పిలిస్తే పలికిన గదనే," అన్నాడు. అంతే. ఇంటికి వచ్చి పక్క దులుపుతుంటే దిండు కింద వాక్యపు పుస్తకం ఉంది, తొక్కు నూనె మరక ఒకటి అంటుకుని. తొక్కు మాత్రం తీసుకుపోయాడు. ఆ ఒక్క సంగతి పట్టుకుని ఇన్నేళ్లు ఉన్నాను, తొక్కు తీసుకుపోయాడు.

అమ్మమ్మా, మొదలువెట్టు, అంటోంది శాలిని. పుస్తకం తెరిచాను. ముందు మామూలు పేర్లు. గదిలోవాళ్లు పలుకుతున్నారు, ఫోనులోవాళ్లవి శాలిని చదువుతోంది, రాజకుమారి మంచిర్యాల నుంచి ఉన్నానన్నది, వీరేందర్ డ్యూటీలో ఉన్నడట, బొటనవేలు బొమ్మ పెట్టిండు, రాసుకోవాల్నా అమ్మమ్మా. బొటనవేలు అని రాసుకున్నాను. అందరూ కాస్త నవ్వారు. తర్వాత కొత్త కాగితం. సినిమాల దుకాణం ఆయనకు కొడుకు పలికాడు, ప్రభువునందు నిద్రించిండు, అని, పోయినవాళ్లను మా దగ్గర అలా అంటారు. తాగినాయనకు భార్య, నిద్రించిండు. నిద్రించిండు. నిద్రించిండు. నలభై ఒక్కరిలో ముప్పై రెండు పేర్లు పిలిచేసరికి పద్దెనిమిది మంది నిద్రించారు. పిలవడానికి మాకు తీరిక అయ్యేసరికి వాళ్లకు ఓపిక అయిపోయింది. అనసూర్య పేరుకు ఆమె నేల మీది నుంచే చెయ్యెత్తింది, ఉన్ననమ్మా, ఇగో, అని. తప్పిపోయిన గొర్రెలు మల్ల దొడ్లెకొస్తున్నయ్, అన్నాడు ఎల్లేశం పక్కవాళ్లతో. తప్పిపోలేదు బావా. నా కొడుకు దొడ్డి తలుపు దగ్గర నిలబడి మూడుసార్లు పలికాడు. పైకి అనలేదు.

ముప్పై మూడు. మిరియాలు తెచ్చుకోవడం మరిచాను. జాన్ ప్రసాద్, అన్నాను. ఫ్యాను చప్పుడు. గుమ్మంలో ఎండ పడి ఉంది, ఎండలో మనిషి నీడ ఉందేమో చూశాను, సంపత్ ఆటో ముందు చక్రం నీడ అది. శాలిని ఫోను వైపు వంగి చూస్తోంది. పదిహేడు మంది చూస్తున్నరు అమ్మమ్మా, కొత్త నంబరొకటి ఉన్నది, అంది. ఎవరి నంబరో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. నేను ఫోను గాజు వైపు తిరిగాను. అందులో ఒక ముసలామె కళ్లద్దాలు కనిపించాయి, ఇంకేమీ లేదు. అటువైపు ఎవరో నన్ను చూస్తూ ఉంటే, ఇరవై ఏడేళ్ల తర్వాత ఈ ముఖాన్ని గుర్తుపడతాడా. జాన్ ప్రసాద్, అన్నాను, రెండోసారి, మస్టరు గొంతుతో కాదు, వీధిలో ఆడుకునే వాణ్ణి అన్నానికి పిలిచినట్టు. ఫోను చిన్నగా మోగింది. శాలిని చదివి ఆగిపోయింది. పైకే చదువు బిడ్డా, అన్నాను.

"ఉన్నాడు. రాడు. యమున." అని చదివింది.

ఎల్లేశం కర్ర మీద లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

"మూడోది పిలువు మరదలా. రానన్నడు గద. పిలిచి, ఖాలీ అని రాయి. నియమం."

"ఇంటోళ్లు పలికిండ్రు బావా. ఇగ పిలువ."

ఇంటివాళ్లు పలికితే మూడోసారి పిలవకూడదు, అది కూడా నియమమే, ఆయన పెట్టిందే. ఏం రాయాల్నే అమ్మమ్మా, అని శాలిని మెల్లగా అడిగింది. ఎవరు పలికితే వాళ్ల పేరు పక్క గడిలో రాయాలి. స్కేలు లేకుండా, వంకరగా, యమున అని రాశాను. అన్ని అక్షరాలూ ఉంచి. తర్వాత ఎనిమిది పేర్లు ఉన్నాయి, అవీ పిలిచాను, ఎవరు పలికారో రాసుకున్నాను, ఆరాధన జరిగింది, రొట్టె తిన్నాను, అనసూర్య నలభై ఏళ్లకు రొట్టె తిని, ఇంత చిన్నగుంటదాయె, నేను యాది మరిచిన, అంది.

ఇప్పుడు బెంచీలు ఆటోలో ఎక్కిస్తున్నారు. గంట దించారు, గంట ఉన్నచోట గోడ తెల్లగా ఉంది. గ్లాసులు కడిగి తుడిచి మళ్లీ గుడ్డముక్కల్లో చుట్టాను, నలభై ఎనిమిది, వాటి మీద తెల్లగుడ్డ, పళ్లెం, పైన పుస్తకం. కొత్త హాల్లో పెద్ద తెర ఉంటుందట, పేర్లు దాని మీదే పడతాయట, చదివే మనిషి అవసరం ఉండదేమో, ఉంటుందిలే అంటుంది శాలిని. రెండు గంటల షిఫ్టు కూత వినిపించలేదు, మా గనికి కూత లేదిప్పుడు, కానీ టైము చూడకుండానే రెండయిందని తెలిసింది. సంపత్ వచ్చి సంచి తెమ్మన్నాడు. ఇవ్వలేదు. ఒడిలో పెట్టుకుని ఆటోలో వాడి పక్కన కూర్చున్నాను.

నా కొడుకు జాన్ ప్రసాద్ 1999 జూన్ 13, ఆదివారం, మధ్యాహ్నం మూడున్నర ప్యాసింజరుకు రామగుండం నుంచి పోయాడు. మళ్లీ రాలేదు.